మాత్రమే

హైకోర్టు గోడ నీడ
పదకొండు దాటితే నా బల్ల మీద నిలవదు.
పారీస్ కార్నర్ ఎండకు గొడుగు వంచుకుని
కార్బన్ కాగితం సర్దుకుని కూర్చుంటాను.
అర్జీకి అరవై రూపాయలు.

నా మిషన్లో అన్నిటికంటే ముందు అరిగింది
'వి' అక్షరం.
ఇరవయ్యేడేళ్ళ వెరీలు.
వెరీ పూర్, వెరీ సిక్, వెరీ వెరీ అర్జెంట్.
కూరలబండి దగ్గర కొసరు అడిగినట్టు
ఇంకోటి వెయ్యి సారూ అంటారు.
వేసేవాణ్ణి. పోయేదేముంది, సిరా.

ఒకసారి సెక్షన్ గుమాస్తా ఒకాయన
టీ ఊదుకుంటూ అన్నాడు:
"హంబ్లీ, కైండ్లీ, సిన్సియర్లీ...
ఆ లీ తోక కనపడితే చాలు,
గుంత తప్పించిన ఆటోలా
నా కన్ను పక్కకు పోతుంది."

ఇవాళ పెంచలమ్మ వచ్చింది,
పులియాంతోపులో పొద్దుటి షిఫ్టు దిగి.
చేతులకింకా ఫినాయిల్ వాసన.
కాంట్రాక్టరు నాలుగు నెలల జీతం ఎగ్గొట్టాడు.
"పట్టపగలు, నట్టనడి వీధిలో,
లేదు పొమ్మన్నాడయ్యా" అంది.

నా వేళ్ళు ఆగిపోయాయి.
పగలు వచ్చి పగలును గుద్దితే
ముందున్నది చితికి పట్ట అయింది.
దానికి ఇంగ్లీషులో ఏ తోక తగిలించను?
బ్రాడ్ డేలైట్ అని కొట్టి, కొట్టేశాను.
అంత వెడల్పు పగలు ఆమెది కాదు.

ఇక ఉన్నదున్నట్టు కొట్టాను:
జూన్ తొమ్మిది, పగలు పన్నెండున్నర.
మార్కెట్ వీధి, రెండో చెత్తకుండీ దగ్గర.
చూసినవాళ్ళు ఏడుగురు, పేర్లు ఇవి.
ఒక్క వెరీ లేదు.

తెలుగు చేసి వినిపిస్తే
మొహం చిన్నబుచ్చుకుంది.
"నా ఏడుపేదయ్యా ఇందులో?"
ఆ ఏడు పేర్లలో ఉందమ్మా
అందామనుకున్నాను. అనలేదు.
నాకే నమ్మకం చాల్లేదు.

ఆఖరి వరుస:
రూపాయలు ముప్పై ఎనిమిది వేల నాలుగు వందలు ఓన్లీ.

"ఆ కొసన ఉన్న మాటేంది?"
మాత్రమే, అన్నాను.
చెంగు దులిపి లేచింది.
"మాత్రమేనా? ఎవురన్నారు మాత్రమే అని?"

ఎవడూ పక్కన సున్నా చేర్చకుండా
అదొక ఆనవాయితీ, అన్నాను.
"చేర్చేదెవురయ్యా?
తీసేవోళ్ళేగా అందరూ."

కొత్త కాగితం ఎక్కించాను.
ఆమె కూర్చోలేదు.
ఒక్కో అక్షరం పడుతుంటే చూస్తూ నిలబడింది,
వందల దగ్గర
నా చెయ్యి ఆగిందాకా.