మంగళవారం గడి

అపామ్ రేవులో అరాబా క్వాన్సా ఖాతా పుస్తకం
ఉప్పుగాలికి ఉబ్బింది, అట్ట మూతపడదు.
చేపలు పొగబెట్టే వేళ్ళతోనే గీతలు గీస్తుంది:
ఆరు వేటరోజులకి ఆరు గడులు,
ఏడోది మంగళవారం.
ఆ రోజు సముద్రానికి సెలవు, వల తడపకూడదు.
ఎవరు పెట్టారో తెలీదు, తాతల నాటి మాట.

సోమవారం పేజీ చదువుతాను, వినండి:
పెట్రోలు పదకొండు డబ్బాలు,
ఐసు, కర్రపెండలం రవ్వ మూట,
మోటారు ప్లగ్గు ఒకటి, అరువు.
పడిన చేప తొమ్మిది తట్టలు,
అందులో రెండు మెత్తబడ్డవి.
ముందు పెట్రోలు తన వాటా తీసుకుంటుంది.
మిగిలినదాంట్లో సగం పడవకి, వలకి, మోటారుకి.
సగం పదిహేడు మందికి.
పడవ తినదు, తాగదు,
అయినా పెద్ద కంచం దానిదే.
పదిహేడోవాడు ఎకో ఎసుమాన్
చేతిలో పడ్డది చూసుకుని
అరాబాని అనలేదు, సముద్రాన్నీ అనలేదు,
తన అరచేతినే తిట్టుకున్నాడు.

రేవు చివర రంపం చప్పుడు.
వావా మానుని నడుమంతా తొలిచేస్తున్నారు.
కొత్త పడవ, జోజో బెంత్సిల్‌ది.
పోయిన ఆగస్టులో పన్నెండు రోజులు
కవళ్ళు దండిగా పడ్డాయి గదా,
ఆ పన్నెండు రోజులే
అతని కళ్ళల్లో ఇంకా ఈదుతున్నాయి.

ఎవరు ఆపుతారు?
కడలికి గడప లేదు, గొళ్ళెం లేదు.
కంచాలు పెరుగుతాయి, కుండ అదే.
అరాబా కాపురానికొచ్చిన ఏడు
ఇక్కడ నలభై పడవలు, గంట దూరంలో చేప.
ఇప్పుడు నూటముప్పై,
చేప ఐదు గంటల అవతల.
లాభమంటే నురగ.
ముందు చూసినవాడు కేకేస్తాడు,
అందరూ ఉరికొచ్చేసరికి
ఇసుక కాస్త తడిగా ఉంటుంది, అంతే.

అమ్మేద్దామని రెండుసార్లు అనుకుంది.
పడవ ఇంకో వేటకి తప్ప దేనికొస్తుంది?
కొన్నవాడూ ఈ నీళ్ళలోనే వల వేస్తాడు.
తను తప్పుకుంటే సముద్రం తేలికపడదు,
తన పొయ్యి మాత్రం ఆరిపోతుంది.
అందుకని అప్పు చేసి మరీ
నలభై గుర్రాల మోటారు పెట్టించింది.
ఎందుకమ్మా అంటే,
"పక్కవాడు పెట్టించాడు గనక" అంది
కళ్ళు తుడుచుకుంటూ. పొగకే.

మొన్న జోజో పడవ నీళ్ళలోకి దిగింది.
డప్పులు, జెండాలు,
ముక్కు మీద ఎర్రక్షరాలతో "ఓపిక పట్టు".
దాన్ని తోసిన చేతుల్లో అరాబా చేతులూ ఉన్నాయి.
రేపు తన పడవ ఇసుకలో ఇరుక్కుంటే
తోసేది వాళ్ళేగా.

ఈ రాత్రి లాంతరు ముందు నెలంతా కూడింది.
ఆదివారాలు ఎరుపు, సోమవారాలు ఎరుపు,
శనివారాలు పెట్రోలుకి సరికి సరి.
మంగళవారాలు నాలుగు.
ఆ ఖాళీ గడుల మీద చాలాసేపు వేలు ఆనించి ఉంచింది.
నెలలో నష్టం రాయనివి అవే.
వాళ్ళ భాషలో అరాబా అంటే
మంగళవారం పుట్టిన పిల్ల.

తర్వాత పుస్తకం మూయబోయింది, మూతపడదు కదా,
మీద వల సీసపు గుండు ఒకటి పెట్టి పడుకుంది.
తెల్లారితే బుధవారం.
పెట్రోలు వరసలో ఆమె డబ్బా
రాత్రే నిలబడి ఉంది,
ముందు నూటపదమూడు.