గ్లిస్ట్రిదా తిన్నావా?

మా క్రీటు దీవిలో ఎవరైనా ఆగకుండా మాట్లాడితే
"గ్లిస్ట్రిదా తిన్నావా?" అంటారు.
అదే, గంగపాయల కూర.
నాలుక మీద జారుతుంది కదా,
మాటనూ జారుస్తుందని నమ్మకం.
నా విషయంలో ఎన్నడూ పనిచెయ్యలేదు.
అందుకే కాబోలు కల్లిరోయి నన్ను కొలువులో పెట్టుకుంది.
ఎండు మొక్కల గదిలో నోరు విప్పని మనిషి కావాలట,
ఊపిరి తగిలినా గింజలు లేచిపోతాయట.

గింజ ఎంతని? చీమ తలకాయంత.
కంటికి అన్నీ ఒకటే నలుపు.
సూక్ష్మదర్శిని కింద పెట్టి ఆమె చూపించేది:
దీని ఒంటినిండా నక్షత్రాలు,
దీని నక్షత్రాల మధ్య బొడిపెలు,
ఇది నున్నన, నది అరగదీసిన రాయి.
"లోకమంతా దీన్ని ఒక్క పేరుతో పిలుస్తోంది,
వీధి జనాన్నంతా 'ఏమోయ్' అని పిలిచినట్టు."

ఏథెన్సు నుంచి ఆమె గురువు రాసేవాడు:
"కలుపు మొక్కకి ఇంటిపేర్లా?
నీళ్ళెక్కువైతే ఆకు వెడల్పు, ఎండెక్కువైతే కాడ ఎరుపు.
అంతే. అన్నీ కలిపెయ్."
ఆ ఉత్తరాలు ఆమె మొక్కల కింద పరిచేది,
తడి బాగా పీలుస్తాయని.

మెసారా మైదానంలో జూలై.
స్తమాతియా అవ్వకు ఎనభై ఒకటి, ఆమె లెక్క వేరు.
ఇది పెరుగులోకి. ఇది దోసకాయ ముక్కల్లోకి.
ఇది మేక ముట్టదు.
ఇది తెల్లారి కోస్తే పులుపు, పొద్దు వాలాక కోస్తే మెత్తన.
"మరి అది?"
కోళ్ళ గూటి పక్కన నేలకి కరుచుకున్నది, గులాబీ కాడలది.
"అదా? మా ఆయన పోయిన ఏడు మొలిచింది.
పేరు అడగలేదు."

కల్లిరోయి మోకాళ్ళ మీద కూలబడింది.
సగం కోసుకుంది, సగం విత్తనానికి వదిలింది.
వారం తర్వాత వెళ్తే ఆ సగం లేదు.
"మీరు రారనుకున్నా," అంది అవ్వ గిన్నె తుడుస్తూ,
"బాగుంది. పేరు పెట్టుకోండి."

ఇక మిగిలింది మా అట్టల మధ్యది ఒక్కటే.

ఈ మొక్క ఓ పట్టాన చావదు.
పీకి రాతి మీద పడేసినా తన కండలో నీళ్ళు తానే తాగి
పూస్తుంది, కాస్తుంది.
అందుకే ముందు మరిగే నీళ్ళలో ముంచాలి.
ఆ రోజు ముంచడం నేను మరిచాను.

పట్టీల బిగువులో, చీకట్లో
అది కాయల్ని పండించుకుంది.
ఒక్కో కాయ నడుం చుట్టూ చీలి, మూత ఊడి
కుంకుమ భరిణెలా తెరుచుకుంది.
అవ్వ ఇంటిది, రేవు దగ్గరిది, బస్టాండు గోడది,
గింజలన్నీ ఒకే కుప్ప.

అరచేతిలో పోసుకుని చాలాసేపు చూశాను.
తర్వాత మూడు వాటాలు వేసి
మూడు పొట్లాల్లో పోశాను.
అంటుకున్నవి కిటికీలోంచి దులిపేశాను.

చలికాలమంతా కల్లిరోయి ఆ పొట్లం ముందే.
ఒకే మొక్కలో చుక్కలున్నదీ, నున్ననిదీ!
మళ్ళీ లెక్క. మళ్ళీ.
నిద్ర లేని కళ్ళతో ఒక ఉత్తరం రాసింది:
"మీరన్నదే నిజమేమో. అన్నీ కలిపేస్తాను."
ఎందుకో పోస్టు చెయ్యలేదు.
బల్ల మీద, సిరా సీసా కింద,
వసంతం దాకా ఉంది.

ఈ జూన్‌లో మా కార్లు నిలిపే చోట
సిమెంటు పగులులోంచి గులాబీ కాడ ఒకటి వచ్చింది.
అవ్వ ఇంటిదా, రేవుదా, బస్టాండుదా?
నాకు తెలీదు. దానికీ అక్కర్లేదు.
వంగి ఓ రెమ్మ తుంచాను,
మట్టి చొక్కాకి తుడిచి నోట్లో వేసుకున్నాను.
పొద్దుటి పులుపు.
జిగురు నాలుక చివరిదాకా పాకింది.

మెట్లెక్కాను. తలుపు తీసే ఉంది.
"కల్లిరోయీ," అన్నాను, "ఆ పొట్లాలు..."

ఆమె కళ్ళద్దాలు తీసి
నా పళ్ళ మధ్య ఆకుపచ్చ కేసి చూసింది.