నగలగతో

ఛత్తాబజార్‌ల వాన వెలిసినంక
షట్టర్ సగం లేపి వంగి లోపలికొచ్చిన.
రాత్రికి రాత్రి కంప్యూటర్
తనంతట తానే ఏదో కొత్తది నేర్చుకున్నదట,
పొద్దుగాల నన్ను గుర్తుపడతలేదు.

పాస్‌వర్డ్ కొట్టిన. తప్పన్నది.
మల్ల కొట్టిన, నిమ్మళంగ,
ఒక్కొక్క మీటను ఒత్తి పట్టి,
పలక మీద దిద్దినట్టు.
తప్పన్నది.
పదకొండేండ్ల సంది అదే మాట,
నా బిడ్డ పేరు. ఇంగ్లీషుల, ఆరక్షరాలు.
బిడ్డ పేరు తప్పెట్లయితది?

నాలుగింటికి రామంతాపూర్ పెండ్లోళ్ళొస్తరు.
మూడు వందల కార్డులు,
ఒక దిక్కు తెలుగు, ఒక దిక్కు ఇంగ్లీషు.
నిన్నటి ఉర్దూ కార్డులు
కుడి నుంచి ఎడమకు తెరుచుకొని
ఫ్యాన్ కింద ఇంకా ఆరుతున్నయి.

సేట్ మనవరాలు ఫిర్దౌస్,
పాలిటెక్నిక్ బ్యాగు భుజాన దించకుండనే
తెర మూలకు వేలు పెట్టింది.
"నువ్వు సరిగ్గనే కొడుతున్నవ్ ఆంటీ,
అది తెలుగుల వింటున్నది."

గడియారం పక్కన చీమంత గుర్తు.
ఇన్నేండ్లల్ల ఒక్కనాడు చూడలే.
గడిల పడేటియన్నీ నల్ల చుక్కలే,
చుక్క ఎనక ఏ భాషున్నదో
చుక్కకే తెల్వదు.
నేను వినీల అని పిలుస్తున్న,
అది నగలగతో అని రాసుకుంటున్నది.

ఒక మీట, దాంతోపాటు స్పేస్. అంతే. తలుపు తీసింది.

సెట్టింగ్స్‌ల భాషలను
గుమ్మం ముందర చెప్పుల లెక్క సర్దింది ఫిర్దౌస్:
పైన ఇంగ్లీషు, దాని కింద తెలుగు, తర్వాత ఉర్దూ.
"ఎవరు ముందో దీనికి చెప్పాలె" అన్నది.
నేనేమనలే.
నెలల పేర్లు తెలుగుల రావాలంటే మాత్రం
ఒకసారి మొత్తం బయటికి పోయి
మల్ల రావాల్నట.
పోయినం. వచ్చినం.
మూలన "ఆషాఢం" కోసం ఎతికిన,
"జులై" అని ఉంది. సరే, గదన్న తెలుగు లిపే.

కీబోర్డు మీద అక్షరాలు ఎప్పుడో అరిగిపోయినయి.
ఎడమ చెయ్యి నడిమి వేలు కింద పొల్లు,
అది వేలికే తెలుసు, కంటికి తెల్వదు.
తనకు సొంత సప్పుడు లేదు,
ఒక అక్షరం నోరు మూసి
పక్కదాన్ని దాని ఒడిల కూసోపెడుతది.
"శ్రీరస్తు" కొట్టిన. డబ్బాలు రాలే.
విడిపోలే. రావొత్తు చక్కగ వంగింది.

"నా పేరు కొట్టు" అన్నది పిల్ల.
ఫిర్దౌస్.
రెండు పొల్లులు పట్టినయి.
మొదటిది 'ర' కింద 'ద'ను ఒదిగిచ్చింది,
రెండోదానికి కలుపుతందుకు ఎవ్వలు లేరు,
స్ మీద ఊరికే నిలబడ్డది,
బస్సు కోసం నిలబడ్డట్టు.

పోయేటప్పుడు చెప్పింది,
పాస్‌వర్డ్ నాకు తెలిసిపోయింది, మార్చుకో ఆంటీ.
మార్చిన.
అదే పేరు, మూలన గుర్తు మాత్రం తెలుగు.