సున్నా కొస

టేపు సున్నా కొస పట్టుకునేవాణ్ణి నేను.
అంకె చదివేది పాఢీబాబు.
పద్దెనిమిదేళ్లుగా పర్లాకిమిడి మున్సిపాలిటీలో
నా చేతి వైపు ఎప్పుడూ ఏమీ లేదు
అడుగులూ అటే, రూపాయలూ అటే.

గోడ మూలకి బొటనవేలితో అదిమిపెడతాను.
"ధొరో" అంటాడాయన.
పట్టుకున్నానంటాను.
రెండు భాషల మధ్య
ఇనప నాలిక జర్రున సాగుతుంది.

శ్లాబుకొక రేటు, రేకుకొకటి, పెంకుకొకటి.
సగం పెంకూ సగం టార్పాలినూ అయితే ఏమిటో
ఏ పుస్తకంలోనూ లేదు.
పాఢీబాబు కాసేపు పైకి చూసి
"రేకు" అని రాసుకుంటాడు.

పన్ను ఎలా తేలుస్తారని టీకొట్టు దగ్గర నన్నడుగుతారు.
భువనేశ్వర్ కాగితంలో
ఇంతకు తగ్గకూడదు, ఇంతకు మించకూడదు అని ఉంటుంది.
ఆ రెండు ఇంతల నడుమ ఒక హాలు,
పదహారు కుర్చీలు, తిరిగే ఫ్యాను ఒకటి, తిరగనిది ఒకటి.
ఏడో వార్డు దుర్యోధన్ సాహు లేచి
మాది వట్టి సందండీ, సందు రేటు వెయ్యండి అంటాడు.
ఎన్నికలప్పుడు మైకులో
అదే సందుని మెయిన్ రోడ్డు చేశానన్నాడు.
సమోసాలు నేనే పట్టుకెళ్లాను.
వెళ్లేటప్పటికి చదరపుటడుక్కి రూపాయిన్నర.
ఖాళీ పళ్లేలు తెచ్చేటప్పటికి రెండు.

లైసెన్సుల పట్టీ వేరు.
అప్పడాలకీ అద్దాలకీ
సైకిలు పంక్చర్లకీ వరసలున్నాయి.
లక్కోజు గవరయ్య పనికి వరస లేదు.
చచ్చిన గేదె కొమ్ముని బొగ్గుల మీద కాచి
మెత్తబడ్డాక చెక్కల మధ్య నొక్కి
అరగదీసి అరగదీసి
రొయ్య మీసం దాకా తీస్తాడు, విరక్కుండా.
గుమాస్తా వేలు పట్టీ మీద పైకీ కిందకీ తిరిగి
ఎముకల పొడి మిల్లు దగ్గర ఆగింది.
దుర్గంధ వ్యాపారాలు, మూడో తరగతి.
గాజుల కొట్టుకి ఏడింతలు.

"ఏటి రాసినారు బావూ?"
నోటీసు ఒడియాలో ఉంది.
చదివి చెప్పడం కూడా నా పనే, జీతంలో లేని పని.
మిగతావన్నీ కాస్త మెత్తగా చెప్పొచ్చు.
ఆ ఒక్కమాట
అక్కడా ఇక్కడా ఒకటే.
దుర్గంధం.
గవరయ్య ఏమీ అనలేదు.
అరచెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకున్నాడు.

అభ్యంతరాలకి ముప్పై రోజులు.
ఇరవై తొమ్మిదో రోజున ఉతికిన చొక్కా తొడుక్కుని వచ్చాడు.
చైర్‌పర్సన్ వెనక అద్దాల బీరువాలో
వచ్చే పోయే ఆఫీసర్లకి ఇచ్చే కొమ్ము కొంగలు,
మూడు, ఒంటికాలి మీద.
"ఇవి మా అయ్య చేసినవి. ఆ చివరిది నాది.
ఇక్కడ కంపు కొట్టలేదేటమ్మా?"
ఎవరో దగ్గారు.
కొంగలు స్వాగత ఖర్చుల ఫైలండీ,
ఇది లైసెన్సు ఫైలు అన్నాడు ఇఓ.
అన్నాక తనకే బాగాలేక
నీళ్ల గ్లాసు కోసం వెతుక్కున్నాడు.

చివరికి ఫ్యాన్సీ సామాను కింద మార్చారు.
ఫీజు సగానికి దిగింది.
సామాను అన్నాక కొట్టుండాలి కదా,
సాన పెట్టే అరుగుని
వ్యాపార స్థలం అన్నారు.
అందుకని మళ్లీ మేమిద్దరం, మళ్లీ టేపు.

"ధొరో."
నా బొటనవేలు గోడకి జానెడు ఇవతలే ఆగింది.
ఎందుకాగిందో ఆ వేలినే అడగాలి.
పాఢీబాబు అంకె చదివాడు.
నావైపు చూశాడు.
మళ్లీ చదవలేదు, రాసుకున్నాడు.

ఇంటికెళ్లి లెక్క కట్టాను.
జానెడంటే ఏడాదికి పదకొండు రూపాయలు.

వచ్చేస్తుంటే గవరయ్య ఒక దువ్వెన చేతిలో పెట్టబోయాడు
నల్లగా, అంచున తేనెరంగు చారతో.
నేను టోపీ తీసి నా తల చూపించాను.
ఇద్దరం నవ్వేం, గట్టిగానే.
ఏమైందని పాఢీబాబు అడిగాడు, ఒడియాలో.
అదొక్కటి మాత్రం
చెప్పలేదు.