మూతెడు నీళ్లు

మంగళవారం, శుక్రవారం
తెల్లారగట్ల మూడున్నరకి
చర్చి వెనక రేకుల షెడ్డులో పొయ్యి వెలుగుతుంది.
ఎస్తేరు బీరకాయలు తరుగుతుంది.
నేను ఉడికించి, వార్చి,
మళ్లీ ఉడికించి, మళ్లీ వారుస్తాను.
కూరలో సత్తువంతా తూములోకి పోతుంటే
మా అమ్మ చూస్తే తిట్టిపోసును.

లోకానికి ఉప్పుగా ఉండమని
ఆదివారం ఆదివారం చెప్పే సమాధానం మాస్టారే
ఉప్పుడబ్బా అటక మీద పెట్టి తాళం వేశారు.
"మీ చేతులకి అలవాటమ్మా, వద్దన్నా వేసేస్తాయి."

ఈ వంట మాకెవరూ నేర్పలేదు.
మొదటి వారం చింతపండు పులుసు పట్టుకెళ్తే
నర్సు విమల క్యారియరు మూత తీసి, వాసన చూసి,
మమ్మల్ని చూసి, మూత పెట్టేసింది.
ప్రార్థన చేసి వండిందమ్మా, అన్నాను.
ప్రార్థనకి పొటాషియం తగ్గదండీ, అంది.
ఆ రోజు క్యారియరు నిండా సిగ్గు మోసుకుని
డే అండ్ నైట్ జంక్షన్ దాకా నడిచే వచ్చాం.

ఏడు గంటల బస్సుకి దిగుతారు వాళ్లు,
దగ్గర్లో మిషను ఖాళీ లేని ఉద్దానం వాళ్లు.
ఎడం చేతి మీద ఉబ్బిన నరం,
వేలు ఆనిస్తే లోపల తుమ్మెద.
అందులో తవిటయ్య
ముప్పయ్యేళ్లు కొబ్బరిచెట్లెక్కినవాడు,
ఆసుపత్రి మెట్లు మూడెక్కి
కమ్మీ పట్టుకుని ఆగిపోతాడు.

"అమ్మా, దాహం."

దాహమన్నవాడికి నీళ్లిమ్మన్నది
సండే స్కూల్లో నాకు తిన్నగా ఒంటబట్టిన ఒక్క సంగతి.
ఇక్కడ అదీ తప్పే.
ఇచ్చిన నీళ్లు బయటికి దారిలేక
ఊపిరి మీద కూర్చుంటాయి.
అందుకని సీసా మూత తీసి
మూతని నింపుతాను.
మూతెడు.
అతను వెంటనే మింగడు.
నాలుక మీద అటూ ఇటూ తిప్పి,
పెదాలకి కొంచెం రాసుకుని,
బుగ్గలో దాచుకుంటాడు
అడిగితే తిరిగిచ్చేయాలేమో అన్నట్టు.

మిగిలిన సీసా నా సంచిలోకి పోతుంది.
వాళ్ల ముందు తాగలేను.
వరండాలోకి వెళ్లి తాగడం ఇంకా చేతకాదు.

రోహిణి కార్తెలో ఒక శుక్రవారం
నాగావళి ఇసుకలో సన్నని చారగా మిగిలినప్పుడు
నాలుగ్గంటల మిషను దిగి
తవిటయ్య గోనెసంచి విప్పాడు.
మూడు బొండాలు.
కొడుకుచేత దింపించి, బస్సులో కాళ్ల కింద పెట్టుకుని తెచ్చాడట.
క్యాంటీనువాణ్ణి బతిమాలి కత్తి అడిగాడు.
మెట్ల పక్కన నేల మీద కూచుని
కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని
బొండాన్ని అరికాళ్ల మధ్య ఇరికించి
కుడిచేత్తో మూడు దెబ్బలు.
ఆ పాదాలకి ఇంకా చెట్టు గుర్తుంది.

"తాగండమ్మా. పొద్దున్నించి సూత్తన్నాను,
గుక్కెడు నీలు తాగనేదు మీరు."
నువ్వు తాగకూడదు కదా బావూ, నీ ఎదట ఎలాగ?
"నాను సూత్తాను.
సూడ్డానికి డాట్రు వద్దన్నేదు."

తాగాను.
గెడ్డం మీంచి కారితే తుడుచుకోబోయాను.
ఉండనీండి, అన్నాడు.
నా గొంతు కదిలినప్పుడల్లా
అతని గొంతూ కదిలింది.

ఎస్తేరుకి ఏడుపొచ్చింది, ఆ వెంటనే ఎక్కిళ్లు.
క్లెమెంటు లేత కొబ్బరి గోక్కుని తిన్నాడు.
వాడికి సిగ్గు తక్కువ, ఆకలి ఎక్కువ.
మూడో బొండాం పట్టుకుని
మాస్టారు చాలాసేపు నిలబడ్డారు.
ప్రార్థన ఎత్తుకుంటారనుకుని తల మీద కొంగు వేసుకున్నాను.
ఆయన ఒక గుక్క తాగి
"ఉప్పగా ఉందయ్యా," అన్నారు.

"సంద్రం పక్క సెట్టు బాబూ. అలాగే ఉంటాది."

ఆ ఆదివారం మాస్టారు
ఉప్పు మాట దగ్గరికొచ్చి
కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకుని,
పేజీ తిప్పేశారు.

మంగళవారానికి బీరకాయలు కొనాలి.
సీసా మూత ఎక్కడో పడిపోయింది,
దాన్ని వెతకాలి.