గీత కింద, గీత పైన

ఘాట్ రోడ్డులో ఆ మలుపు తిరగ్గానే అరుస్తాను
"ఎడమ పక్క! ఎడమ పక్క చూడండి!"
ముప్పై రెండు తలలు ఒక్కసారి అటు వాలితే
డ్రైవరు విసుక్కుంటాడు.
వెనక జీపులో వాళ్ళు
ఏ సామి కనపడినాడో అనుకుని
అటు తిరిగి చేతులు జోడిస్తారు.

అక్కడున్నది ఒక గీత.
కింద గ్రానైటు, పైన క్వార్ట్‌జైటు.
అరచెయ్యి ఆనించి పెడితే
బొటనవేలు ఒక కాలంలో, చిటికెన వేలు ఇంకో కాలంలో.
నడుమ యాభై కోట్ల ఏళ్ళు లేవు.
ఎనభై అంటారు కొందరు.
ఆ తగాదా మీద మా డిపార్టుమెంటులో
రెండు పీహెచ్‌డీలు వచ్చినాయి,
ఇద్దరు ప్రొఫెసర్లకి మాటలు పోయినాయి.

"మేడమ్, అన్నేళ్ళూ ఏమీ జరగలేదా?"
వాయల్పాడు పిల్ల దిల్షాద్.
జరిగింది తల్లీ.
వాన పడింది, ఎవరూ అడక్కుండానే పడింది.
ఎండలు కాసినాయి.
కొండలు ఇసకైపోతే
ఆ ఇసకని నీళ్ళు యాడికో ఎత్తుకుపోయినాయి.
లెక్క రాసిపెట్టేంత మట్టి నిలవలేదు, అంతే.
దిల్షాద్ రాసుకుంటుంది.
బస్సు ఇంకో మలుపు తిరుగుతుంది, ఎవరికో వాంతి.

నేను చెప్పే పాఠానికి గంటల లెక్కన కూలి.
మెడలో కార్డు మీద మాత్రం అకడమిక్ కన్సల్టెంట్.
పదకొండు నెలలకొకసారి నన్ను ఆపేసి
ఒక రోజు వదిలి మళ్ళీ తీసుకుంటారు.
ఆ ఒక్కరోజూ నేనెవరినో తెలియక
లీలామహల్ సర్కిల్లో చెరుకురసం తాగుతూ నిలబడతాను.

మా చెంగల్రాయుడు రాళ్ళు కోస్తాడు,
వెంట్రుకలో సగం మందానికి.
ఎనిమిదో తరగతి తప్పినాయన.
రంపం గొంతు మారితే చాలు,
"ఫెల్‌స్పార్ దాటినాం మేడమ్" అంటాడు చూడకుండానే.
నా వ్యాసాల చివర కృతజ్ఞతల్లో
ఆయన పేరు ఇంతవరకూ ఒక్కసారీ
సరిగ్గా అచ్చు కాలేదు.

ధన్‌బాద్ సదస్సుకి రేణిగుంటలో రైలెక్కినాను.
వెయిటింగ్ లిస్టు నలభై ఒకటి.
పోస్టరు గొట్టం తట్టి పోలీసాయన అడిగినాడు, ఏముంది దీంట్లో?
మా కొండ సార్, అన్నాను.
ముఖ్య అతిథి దీపం వెలిగించేసరికి పదకొండున్నర,
అందుకని నా పన్నెండు నిమిషాలు ఏడైనాయి.
భోజనాల తర్వాత గది.
వినేవాళ్ళు ముగ్గురు.
ఒకాయన తన వంతు కోసం కూర్చున్నాడు,
ఒకాయన ప్రొజెక్టరు తీసుకుపోవడానికి.
మూడో ఆయన చివరిదాకా తలూపినాడు.
దిగినాక అడిగితే
మెడ నొప్పంట.

వ్యాసంగా పంపితే తొమ్మిది నెలలకి జవాబు.
రెండో సమీక్షకుడు రాసినాడు:
"రచయిత్రి దగ్గర కొత్త విషయం ఉన్నట్టుంది,
ఇందులో మాత్రం లేదు."
ఆ రాత్రి పప్పు మాడింది.
పొద్దున్నే మొదటి పేరా కొట్టేసి మళ్ళీ మొదలుపెట్టినాను,
ఆయన చెప్పింది నిజమే కాబట్టి.

పోయిన జూన్‌లో ఇంటర్వ్యూ.
ఐదుగురు, ఐదు బిస్కెట్ ప్లేట్లు.
నా ఫైలు వెనక్కీ ముందుకీ తిప్పి
కళ్ళద్దాలాయన వేలు పెట్టి చూపించినాడు:
"తొమ్మిది నుంచి పదహారు దాకా
ఒక్క పేపరూ లేదే. ఈ ఏడేళ్ళూ ఏం చేసినారమ్మా?"

గైడు పోయినాడు,
నా నమూనాల పెట్టెలు ఎవరి బీరువాలోనో ఇరుక్కున్నాయి.
తెల్లారి ఐదుకి ఇంటర్ హాస్టల్లో స్టడీ అవర్లు.
నాయనకి డయాలసిస్, వారానికి రెండుసార్లు,
రుయా ఆసుపత్రి వరండాలో పరీక్ష పేపర్లు దిద్దినాను.
ఇంకా ఒకటుంది, అది ఇక్కడ కూడా చెప్పను.

"కుటుంబ కారణాలు సార్" అన్నాను.
ఆయన ఏదో గీసుకున్నాడు.
ఎవరో బిస్కెట్ కొరికినారు.

ఇప్పుడు రికార్డులు దిద్దుతున్నాను.
చెంగల్రాయుడు రంపం కడుగుతున్నాడు.
దిల్షాద్ పుస్తకంలో గీత కింది రాయికి ఒక పేజీ,
పైరాయికి ఒక పేజీ, బొమ్మలు బాగా వేసింది.
నడుమ పేజీ ఖాళీ.
మరిచిపోయిందో,
రెండు కాగితాలు అంటుకున్నాయో.

ఎర్రపెన్నుతో ప్రశ్నార్థకం పెట్టబోయి
తేదీ వేసి
సంతకం పెట్టినాను.