సగం లేచిన చెయ్యి

చిట్టినగర్ సొరంగం దాటాక సందులో, కొండ కింద బడి.
ఆటస్థలం లేదు.
ప్రార్థనకి నిలబడే గచ్చు ఒకటుంది,
మధ్యాహ్నం దాని మీదే కంచాలు కడుగుతారు.

వ్యాయామం మాస్టారు లేని బళ్లకి
ఎవరో ఒకరు నేర్పాలిగా,
ఒక్క పూట శిక్షణకి నన్ను పంపారు.
టీ ఇచ్చారు, బొమ్మల కాగితం ఇచ్చారు.
కాగితంలో మొదటి మాట:
ముందుగా ఒళ్లు వేడెక్కించాలి.

జూలై. ఉదయం తొమ్మిది.
"బెజవాడలో ఇంకా వేడెక్కించడమేంటి టీచర్?"
అన్నాడు రహంతుల్లా, ఐదో తరగతి,
చొక్కా అప్పటికే వీపుకి అతుక్కుని.
వాడు నూట ఎనభై ఆరు మెట్లు దిగి వచ్చాడు.
అంతకుముందు బిందెతో రెండుసార్లు ఎక్కాడు.
వాడి పిక్కలకి నేనేం నేర్పాలి?

అయినా నేర్పాను.
మెడ తిప్పండి, మెల్లగా, గుడ్లగూబలా,
అటు కొండ మీద మీ ఇల్లు చూసుకుని
ఇటు తిరిగి సొరంగం చూడండి.
చీలమండ తిప్పుతూ
బొటనవేలితో గచ్చు మీద సున్నా చుట్టండి.
సువార్త సున్నా చుట్టి ఊరుకోలేదు,
ముందు ఒకటి పెట్టి పది చేసింది.
వంగి కాలివేళ్లు అందుకోండి.
అందుకున్నారు,
వంగినవాళ్లు వంగినట్టే ఉండి
కాళ్ల సందులోంచి వెనక వరసని చూసి నవ్వారు.

పట్టేసిన చోట ఆగండి, ఊపిరి వదలండి, గుంజకండి,
నొప్పి చెప్పింది వినాలి.
"ఏం చెబుతుంది టీచర్?"
ఇవాల్టికి చాలు, అంటుంది.

చివరిది తేలిక.
రెండు చేతులూ ఆకాశానికి.
నేనూ ఎత్తాను.
ఎడమది చెవి దాటి పైకి వెళ్లింది.
కుడిది భుజం దగ్గర ఆగింది.
ఇరవై రెండేళ్లుగా బోర్డు మీద
పైవరసలో తేదీ రాసిన చెయ్యి,
పోయిన మాఘం నుంచి
జడ వేసుకోనివ్వదు,
దండెం మీద చీర ఆరెయ్యనివ్వదు.

చూద్దును కదా,
నలభై ఒక్క చేతులు ఆకాశంలో,
నలభై ఒక్క చేతులు భుజం దగ్గర ఆగి,
మోచెయ్యి కాస్త మడిచి,
నాలాగే కింది పెదవి కొరికి.
ఎదురుగా నిలబడ్డాను గనక
కొందరికి కుడి ఎడమైంది, అంతే తేడా.

ఒక్కరూ వెక్కిరించడం లేదు.

అలా కాదర్రా, రెండూ పైకి.
"మీరలాగే చేశారుగా" అంది నాగవర్ధిని.
బోర్డు మీద ఒక ఒత్తు మరిచిపోతే
గోల గోల చేసే పిల్లలు
నా ఒంట్లో తప్పుని మాత్రం
ఉన్నదున్నట్టు ఎత్తిరాసుకున్నారు.

ఆ రోజు నుంచి ఇంటర్వెల్లో
తలుపు వెనక గోడకి కుడి చేతి వేళ్లు ఆనించి
పైకి నడిపిస్తాను,
చూపుడువేలు, నడిమివేలు,
పంచదార వాసన తెలియని చీమలా నిదానంగా.
ఆగిన చోట సుద్దముక్కతో గీత.
సోమవారం గీత. గురువారం గీత.
వానలకి గోడ చెమ్మెక్కి
ఒక వారం గీతలు చెరిగిపోయాయి.
ఆ వారం లెక్కలోకి రాదని నేను,
వస్తుందని భుజం.

రహంతుల్లా కనిపెట్టాడు.
గోడకి వీపు ఆనించి,
తల మీద స్కేలు పెట్టుకుని కొలిచాడు.
"నన్ను దాటేశారు టీచర్.
ఇంక కిటికీ పైచువ్వ."

దసరా సెలవుల ముందు రోజు,
గచ్చు ఇంకా తడిగా ఉంది.
రెండు చేతులూ ఆకాశానికి, అన్నాను.
కుడిది చెవి దాకా వచ్చింది,
ఇవాల్టికి చాలు, అంది.
ఎదురుగా అన్ని చేతులూ
ఒక బెత్తెడు పైకి జరిగి ఆగాయి.

వెనక వరసలో రెండో తరగతి కరీమున్ చెయ్యి
పొరపాటున నన్ను దాటిపోయింది.
నా వంక చూసి
గబుక్కున దించుకోబోయింది.

దించకు, అన్నాను.